కత్తెరకు ఎడమ పక్క

కీబోర్డు ఎవరి ముందుంటే చదువు వాళ్లది. ఈ మాట కామారెడ్డిలోని ఆ శిక్షణ కేంద్రం గోడ మీద ఎవరూ రాసి పెట్టలేదు. గోడ మీద వేరే మంచి మాటలు చాలా ఉన్నాయి, రంగు కాగితాల మీద, కింద సంస్థ పేరుతో సహా. కానీ ఎల్లారెడ్డి బస్సు దిగి, సగం నడక సగం పరుగుతో వచ్చి, గుమ్మం బయట చెప్పులు విడిచే అరుణజ్యోతికి రోజూ కనపడేది ఆ రాయని మాటే.

ఒక్కో కంప్యూటరుకు రెండు కుర్చీలు. ఒకటి కీబోర్డుకు ఎదురుగా, ఇంకొకటి పక్కన, గోడకు ఆనించి. ముందు వచ్చినవాళ్లు ఎదురు కుర్చీలో కూర్చుంటారు. వెనక వచ్చినవాళ్లు పక్క కుర్చీలో కూర్చుని, మెడ తిప్పి, వాళ్ల వేళ్లు చూస్తారు. కామారెడ్డి పట్నంలో ఉన్నవాళ్లు నడిచి వస్తారు. ఎల్లారెడ్డి బస్సు లింగంపేటలో బడిపిల్లల కోసం ఆగుతుంది, ఆ తర్వాత చెయ్యెత్తిన ప్రతిచోటా ఆగుతుంది, క్లాసు మొదలయ్యాక గానీ బస్టాండులోకి రాదు. కాబట్టి ఏ కుర్చీ ఎవరిదో తెలివి నిర్ణయించలేదు. బస్సు నిర్ణయించింది.

కేంద్రం నిర్వాహకుడు భూపాల్‌కు ఇది తెలియక కాదు. ఇంకో నాలుగు మిషన్లు తెప్పించండి సార్ అంటే వస్తున్నాయమ్మా అంటాడు. క్లాసు అరగంట వెనక్కి జరపండి అంటే ముందొచ్చినవాళ్లకు ముందు కుర్చీ, అందరికీ ఒకటే న్యాయం అంటాడు. ఒకటే న్యాయం అన్న మాట చాలా తేలిక. పక్కింట్లో ఉన్నవాళ్లకూ పక్క ఊళ్లో ఉన్నవాళ్లకూ ఒకటే గడియారం చూపిస్తే సరిపోతుంది.

ఎల్లారెడ్డి దిక్కు నుంచి మొదట్లో ఒక గుంపు ఆడవాళ్లే వచ్చారు. మెడ తిప్పి చూడటానికి అంత దూరం ఎందుకని ఒక్కొక్కరే మానేశారు. అరుణజ్యోతి ఒక్కతే మిగిలింది. ఆమె మిగలడానికి కారణం ఉంది. శనివారం పరీక్ష. ఎల్లారెడ్డి దిక్కు నుంచి ఒక్కరైనా పాసైతే సంస్థ ఎల్లారెడ్డిలోనే ఒక కేంద్రం తెరుస్తుంది, పాసైన మనిషిని అందులో నేర్పేవాళ్లకు సహాయంగా పెట్టుకుంటుంది. ఎవరూ పాస్ కాకపోతే ఆ కేంద్రం బాన్సువాడకు పోతుంది. అంటే ఇప్పుడు ఎల్లారెడ్డి అంటే అరుణజ్యోతి. పొద్దుందాకా చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చేసి, మెడ దగ్గర నరం పట్టేసి, పొగాకు జర్దా దుమ్ముకు దగ్గే ఆడవాళ్లు ఆ ఊళ్లో వాడవాడకూ ఉన్నారు. ఇంకో పని చేతికి వస్తుందేమోనని వాళ్లంతా ఆమెను బస్సెక్కిస్తున్నారు.

ఆ వారం పాఠం స్ట్రింగులు. స్ట్రింగ్ అంటే బ్రహ్మవిద్య కాదు, రెండు కోట్ గుర్తుల మధ్య వరసగా నిలబెట్టిన అక్షరాలు. ఊరి పేరు ఒక స్ట్రింగ్. మనిషి పేరు ఒక స్ట్రింగ్. ఆ వరసలోంచి ఒక అక్షరం తీయాలన్నా, ఒక ముక్క కోయాలన్నా అంకెలు చెప్పాలి, ముక్కకైతే ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అని రెండు. ప్రేమ్‌కుమార్ సార్ బోర్డు మీద ఎల్లారెడ్డి అని ఇంగ్లీషులో రాశాడు. పది అక్షరాలు. ఇందులోంచి 'రెడ్డి' అన్న ముక్క కోసి చూపించండి అన్నాడు. కంప్యూటరు మొదటి అక్షరాన్ని సున్నా అని లెక్కపెడుతుందని కూడా చెప్పాడు.

క్లాసులో గొణుగుడు లేచింది. మొదటిదానికి సున్నా ఏమిటని ఒకరంటే, మరి పదోదాన్ని తొమ్మిది అనాలా అని ఇంకొకరు. పక్క కుర్చీలోంచి అరుణజ్యోతి లేచి నిలబడింది.

"మా ఇంట్ల వడ్లు కొలిస్తే మొదటి మానికను ఒకటి అని కూడ అనం సార్. లాభం అంటం. లాభం, రెండు, మూడు, గట్ల పోతం. సున్నతోని మొదలువెడితే ఇంట్లకేమొస్తది?"

అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వి, సరే, మీరు లాభం అనే అనుకోండి, పని జరిగితే చాలన్నాడు. అక్కడే దెబ్బ తగిలింది. క్లాసు మొత్తం వేళ్లు మడుస్తూ లాభం, రెండు, మూడు అని లెక్క మొదలుపెట్టింది. కల్లం మీద నోటికి అలవాటైన వరస అది. లాభం తర్వాత ఒకటి రావాలని ఎవరికి తడుతుంది? ఆ లెక్కన 'రెడ్డి'లోని మొదటి అక్షరం ఆరు దగ్గర పడింది. ఆరు నుంచి కోయమంటే మిషన్ ఆ అక్షరాన్ని ఎడమకు వదిలేసి మిగతాది కోసింది. ప్రతి తెర మీదా 'ఎడ్డి' అని వచ్చింది.

ఆ దిక్కున ఎడ్డి అంటే తెలివితక్కువ మనిషి. మిషన్ తిడుతోందని కొందరు పడీ పడీ నవ్వారు. అరుణజ్యోతి నవ్వలేదు. సార్ ప్రతి జంట దగ్గరికీ వచ్చి, ఒకటి తీసేయండి, ఒకటి తీసేయండి అని చెప్పి ముందుకు పోయాడు. ఎందుకు తీసేయాలో చెప్పడానికి ఆయనకు తీరిక లేదు, శనివారం లోపల పాఠాలు అయిపోవాలి.

అరుణజ్యోతి మిషన్ దగ్గర ఎదురు కుర్చీలో కూర్చునేది నిహారిక. కామారెడ్డి పిల్ల, డిగ్రీ ఈ ఏడే అయిపోయింది, వేళ్లు వానచినుకుల్లా పడతాయి. అరుణజ్యోతి పెదాల మీద లెక్క కడుతూ ఉంటే ఆ మాట పూర్తి కాకముందే కొట్టేస్తుంది. ఆ రోజు అరుణజ్యోతికి ఆరు ఎందుకు తప్పో తన చేత్తో చూడాలనిపించింది. ఐదు పెట్టి చూద్దాం, నాలుగు పెట్టి చూద్దాం అనుకుని చెయ్యి చాచింది. నిహారిక తెర మీది చూపు తిప్పకుండానే, ముఖం మీద వాలిన ఈగను తోలినట్టు, ఆ చేతిని పక్కకు తోసింది.

"ఆగక్కా, నేను కొడ్త."

అంతే. తిట్టలేదు, కొట్టలేదు. కానీ ఆ చెయ్యి ఏం చేసే చెయ్యి? బీడీలు చుట్టే వేగం చూసి కార్ఖానాలో గుమాస్తా లెక్క మరిచిపోయే చెయ్యి. అరుణజ్యోతి దాన్ని ఒళ్లో పెట్టుకుని క్లాసు అయ్యేదాకా కూర్చుంది. అయ్యాక నేరుగా భూపాల్ గదిలోకి పోయి, ఆ పిల్ల నా చెయ్యి ఆడనిస్తలేదు, నన్ను మిషన్ ముట్టనిస్తలేదు అని చెప్పేసింది.

భూపాల్‌కు కావలసింది అదే. మిషన్లు తక్కువన్న ఫిర్యాదు అయితే తన మీదికి వస్తుంది. పిల్ల మంచిది కాదన్న ఫిర్యాదు అయితే పిల్ల మీదికి పోతుంది. అందరి ముందూ నిహారికను నిలబెట్టి, పెద్దామెను గౌరవించడం మీ ఇంట్లో నేర్పలేదా అని అడిగాడు. నిహారిక ముఖం కందిపోయింది. అరుణజ్యోతి వైపు ఒక్కసారి చూసి, సంచీ తీసుకుని వెళ్లిపోయింది.

*

మర్నాడు అరుణజ్యోతికి ఒంటరి మిషన్ దొరికింది. మూలన ఉండేది, ఎవరూ కూర్చోనిది. ఖాళీ జాగా పెట్టే పొడుగు మీట బొటనవేలితో గట్టిగా నొక్కితే గానీ పలకదు. మిషన్ కావాలన్నవు కదమ్మా, తీసుకో అన్నాడు భూపాల్. ఆ గొంతులో దానం చేసినవాడి తృప్తి ఉంది.

ఆమె కూర్చుంది. కుర్చీ ఎదురు కుర్చీ. కీబోర్డు తన ముందే. చేతులు రెండూ దాని మీద పెట్టింది. ఊరి పేరు కొట్టాలి. 'వై' ఎక్కడుంది? పై వరసలో దొరికింది. 'ఈ' దొరికింది. కోట్ గుర్తు ఎక్కడో దొరకలేదు. వెతికి వెతికి పెడితే ఒక వైపు పెట్టి రెండో వైపు మరిచిపోయింది. మిషన్ ఎర్ర అక్షరాల్లో ఏదో అంది. కోట్ పెట్టింది. ఇప్పుడు బ్రాకెట్ గుండ్రటిది పడింది, చదరపుది పడాలి. మళ్లీ ఎర్ర అక్షరాలు. అంకెల దాకా చేరనే లేదు. లెక్క తలలో తయారుగా ఉంది, నోట్లో తయారుగా ఉంది. వేళ్ల దాకా రావడం లేదు.

ఇన్నాళ్లూ ఈ కోట్ గుర్తులు ఎవరు పెట్టారు? బ్రాకెట్లు ఎవరు మూశారు? తను ఆరు అంటే ఆరును మిషన్‌కు అర్థమయ్యే మాటగా ఎవరు మార్చారు? అరుణజ్యోతి తల తిప్పి చూసింది. నిహారిక తన పాత చోటే ఉంది. పక్క కుర్చీలో మానస అనే పట్నం పిల్ల కూర్చుని ఫోన్ చూసుకుంటోంది. నిహారిక వేళ్లు ఊరికే ఆగి ఉన్నాయి. కొడుతోంది, చెరుపుతోంది. ఒకసారి అలవాటు చొప్పున పక్కకు చెవి వంచింది, లెక్క చెప్పే గొంతు కోసం. పక్కన గొంతు లేదు.

ఆమె తెర మీద ఇంకా 'ఎడ్డి' అనే ఉంది.

అరుణజ్యోతి తన తెర వైపు తిరిగింది. తోసిన చెయ్యి తప్పే. కానీ తను పోయి చెప్పింది ఎవరి మీద? ఒక్క రొట్టె రెండు పళ్లేల మధ్య పెట్టినవాడి మీద కాదు. రెండో పళ్లెం ముందు కూర్చున్న పిల్ల మీద.

సాయంత్రం బస్టాండులో ఎల్లారెడ్డి బస్సు ఇంకా ప్లాట్‌ఫారం మీదికి రాలేదు. అరుణజ్యోతి సిమెంటు బల్ల మీద కూర్చుని ఉండగా నిహారిక వచ్చి ఎదురుగా నిలబడింది. కోపం నిన్నటిది నిన్నటిలాగే ఉంది.

"నా మీద చెప్పేముందుగాల నాకు చెప్పద్దా అక్కా? నా చెయ్యి ఎందుకు నూకుతున్నవే అని ఒక్క మాట అంటే అయిపోతుండె."

"అనాల్సుండె" అంది అరుణజ్యోతి. "నా బుద్ధి గడ్డి తిన్నది."

ఆ జవాబు కోసం నిహారిక తయారై రాలేదు. వచ్చి పక్కన కూర్చుంది. తర్వాత నెమ్మదిగా చెప్పుకొచ్చింది. తను వేగంగా కొట్టేది తెలిసి కాదట. అక్క నోట్లో అంకె రాగానే కొట్టేదట, తప్పయితే అక్క మళ్లీ లెక్క పెట్టేదట. కాలేజీలో మూడేళ్లూ ఒక సినిమా పాట బట్టీ పట్టినట్టు పట్టి పాసయ్యిందట. కోసే లెక్క తనకూ అర్థం కాలేదట. ఇయ్యాల పొద్దుందాక ఒక్కటి కూడ రాలేదు, నీకు వచ్చిందా అని అడిగింది.

"నాకు కోట్‌లే దొరకలే పిల్లా."

ఇద్దరికీ నవ్వు వచ్చింది. ముందు ఒకరికి, తర్వాత ఇంకొకరికి, అటు తర్వాత ఆపుకోలేనంత. పల్లీలు అమ్మేవాడు తిరిగి చూశాడు.

శుక్రవారం కరెంటు మరమ్మతులని కేంద్రానికి సెలవు. అన్న వాడే పాత ల్యాప్‌టాప్ తెస్తా, మీ ఇంటికొస్తా, ఇద్దరం కూర్చుందాం అంది నిహారిక. అరుణజ్యోతి తల అడ్డంగా ఊపింది. శుక్రవారం కార్ఖానాలో బీడీలు ఇవ్వాలి. ఈ పరీక్ష పేరు మీద ఇప్పటికే చాలా దినాలు తప్పింది, ఇంకోసారి తప్పితే పని ఇప్పించే బీడీ కార్డు మీద దెబ్బ పడుతుంది. భర్త హార్వెస్టర్ మీద జుక్కల్ దిక్కు పోయాడు, కోతలయ్యేదాకా రాడు. అత్త ఒక్కతే ఎన్ని చేస్తుంది?

"బీడీలు నేను చేస్త."

"నువ్వా?"

"నీ చెయ్యి మిషన్ మీద, నా చెయ్యి బీడీల మీద. మా తాతోళ్ల ఊర్ల నాట్లకు ఇట్లనే పోయేటోళ్లట. వాళ్ల పొలంల వీళ్లు, వీళ్ల పొలంల వాళ్లు."

"దాన్ని బదులు అంటరు" అంది అరుణజ్యోతి. బస్సు వచ్చింది. ఎక్కుతూ వెనక్కి తిరిగి, మొదటి బస్సుకే రా, ఆలస్యంగొస్తే మా ఇంట్ల కూడ పక్క కుర్చే అని చెప్పింది.

*

నిహారిక మొదటి బస్సుకే వచ్చింది. అరుగు మీద చాప పరిచి ఉంది. రాత్రి నానబెట్టి పొద్దున్నే పిండిన తునికాకు తడిగోనె కింద మెత్తగా ఉంది. అరుణజ్యోతి అత్త లక్ష్మీనర్సమ్మ గోడకు ఆనుకుని, కాళ్లు చాపుకుని, ఒళ్లో చాట పెట్టుకుని కూర్చుంది. కోడలు పొద్దున్నే ఎవరో పిల్ల బీడీలు చేయడానికి కామారెడ్డి నుంచి వస్తోందని చెబితే ఆమె నమ్మలేదు. ఇప్పుడు కళ్లారా చూసి కూడా నమ్మడం లేదు.

నిహారిక మొదటి బీడీ చుట్టింది. ఒక కొన లావు, ఒక కొన సన్నం, మధ్యలో జర్దా కారుతోంది. లక్ష్మీనర్సమ్మ దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూసింది.

"గిది బీడీనా, పొయ్యిల పెట్టే పచ్చికట్టెనా? గుమాస్తా దీన్ని చూస్తే కార్డు కాదు, ఇల్లే గుంజుకుంటడు."

విప్పేసి, అదే ఆకులో తన వేళ్లతో మళ్లీ చుట్టింది. రెప్పపాటు కూడా పట్టలేదు. నిహారిక రెండో బీడీకి కూడా అదే గతి పట్టింది. మూడోదాని దగ్గర లక్ష్మీనర్సమ్మ కత్తెర ఆమె చేతిలో పెట్టి, చుట్టుడు నాకు వదిలెయ్, నువ్వు ఆకు కత్తిరించు, అది గాడిదకు కూడ వస్తది అంది. రేకు ముక్క ఒకటి ఇచ్చింది. ఆకు మీద ఆ రేకు పెట్టి, దాని కొలతకు చుట్టూ కత్తిరించాలి. ఈనె మధ్యకు రాకూడదు. నిహారిక నాలుక బయట పెట్టి కత్తిరించడం మొదలుపెట్టింది. వాళ్ల పక్కన, పీట మీద, ల్యాప్‌టాప్ ముందు అరుణజ్యోతి కూర్చుంది.

ఈసారి నిహారిక చెయ్యి చాచలేదు. చేతుల్లో కత్తెర ఉంది, చాచే వీలు లేదు. నోటితోనే చెప్పాల్సి వచ్చింది. షిఫ్ట్ ఒత్తి పట్టుకో, ఎంటర్ పక్కన కోట్ ఉంటది. చదరపు బ్రాకెట్ 'పీ' పక్కన. తొందరేం లేదు, వెతుక్కో. అరుణజ్యోతి వెతుక్కుంది. పొద్దెక్కేసరికి కోట్లు రెండు వైపులా పడుతున్నాయి, బ్రాకెట్లు మూసుకుంటున్నాయి. తన పేరు కొట్టింది. అత్త పేరు కొట్టింది. అత్త పేరు తెర చివరిదాకా పాకింది. ఇంత పొడుగు నేనున్ననా అని లక్ష్మీనర్సమ్మ ఒకసారి వంగి చూసి, మళ్లీ చాట మీదికి తిరిగింది.

కోత దగ్గర మాత్రం బండి ఆగింది. లాభం, రెండు, మూడు. ఆరు. మళ్లీ 'ఎడ్డి'. ఐదు పెడితే 'రెడ్డి' వస్తుంది, అది తెలుసు, సార్ చెప్పాడు. ఎందుకు వస్తుందో తెలియకపోతే రేపు వేరే పేరు ఇస్తే ఏం చేస్తుంది? మరి చివరి అంకె పది ఎందుకు? సున్నా నుంచి లెక్క పెడితే చివరి అక్షరం తొమ్మిది కదా. అక్కడ ఒకటి తీసేయమని సార్ ఎందుకు అనలేదు? నిహారికకూ తెలియదు.

అరుణజ్యోతి పీట దిగి చాప మీదికి వచ్చింది. కత్తిరించిన ఆకులు పది తీసుకుని వరసగా పరిచింది. బాల్‌పెన్‌తో ఒక్కో ఆకు మీద ఒక్కో అక్షరం రాసింది. లక్ష్మీనర్సమ్మ కళ్లెర్ర చేసి, ఆ ఆకులల్ల చేసిన బీడీలు నువ్వే తాగాలె అంది. వరస తయారైంది. ఊరి పేరు చాప మీద ఉంది.

"కొయ్యి" అంది నిహారికతో. "రెడ్డిని కొయ్యి."

నిహారిక కత్తెర తీసుకుని ముందుకు వంగింది. ఆకును కోయడానికి కాదు కదా, ఆకుకూ ఆకుకూ మధ్య సందులో కత్తెర మొన పెట్టింది. పెట్టి, అలాగే ఆగిపోయింది.

"అక్కా, కత్తెర ఆకు మీద లేదు."

"మరి?"

"సందుల ఉన్నది. మనం ఆకులను లెక్క పెడుతున్నం. మిషన్ సందు అడుగుతుందేమో."

అరుణజ్యోతి కత్తెర మొనను చూసింది. దానికి ఎడమ పక్కన ఉన్న ఆకుల మీద వేలు పెడుతూ పోయింది. ఐదు. కత్తెరకు ఎడమ పక్క ఐదు ఆకులు. నిహారిక కత్తెరను వరస చివరికి జరిపింది. ఎడమ పక్క పది ఆకులు. ఐదు, పది. వరస మొదటికి, అన్నిటికన్నా ముందుకు తెచ్చింది. ఎడమ పక్క చాప తప్ప ఏమీ లేదు.

సున్నా అంటే మొదటిది అని కాదు. ఇంకా ఏదీ పక్కకు పోలేదు అని. కుండలో ఒక్క గింజ పడకముందు కుండ ఎట్లా ఉంటుందో అట్లా. లాభం ఎక్కడికీ పోలేదు, అది రాబోయే మానికది. మిషన్ అడిగేది అంతకుముందు ఎన్ని పడ్డాయని.

ఇద్దరూ ఒక్కసారే ల్యాప్‌టాప్ వైపు మళ్లారు. అరుణజ్యోతి కొట్టింది. నిహారిక కత్తెరను ఎక్కడెక్కడో పెట్టి అడిగింది, అరుణజ్యోతి ఎడమ పక్క ఆకులు లెక్కపెట్టి కొట్టింది. 'ఎల్లా' వచ్చింది. 'అరె' వచ్చింది. ఏది కోయమంటే అది తెగింది. కాసేపటికి ఆకులు చూడటం మానేసి గాలిలోనే కత్తెర పెట్టుకోవడం మొదలుపెట్టారు. లక్ష్మీనర్సమ్మ చేతులు ఆగకుండానే వాళ్లను చూస్తూ, ఇద్దరికి ఒక్కసారే పిచ్చి లేచింది, మంచిదే, ఒకలకు ఒకలు తోడుంటరు అంది.

మధ్యాహ్నం అన్నం తిన్నాక నిహారిక మళ్లీ కత్తెర పట్టింది. బొటనవేలి దగ్గర పొక్కు లేచింది. చూపించలేదు గానీ లక్ష్మీనర్సమ్మ చూసింది, కొబ్బరినూనె తెచ్చి ముందు పెట్టింది. కార్ఖానాకు పోయే వేళకు కట్టలన్నీ తయారయ్యాయి. గుమాస్తా పక్కకు తీసేయడానికి ఏమీ దొరకలేదు.

*

శనివారం పరీక్షలో ఒక్కొక్కరికి ఒక్కో మిషన్. అందుకని రెండు జట్లుగా పెట్టారు. ఎల్లారెడ్డి బస్సు లింగంపేటలో ఎప్పటిలాగే ఆగినా, రెండో జట్టు కాబట్టి అరుణజ్యోతికి వేళ మించలేదు. ఆమెకు మళ్లీ మూల మిషనే వచ్చింది. పొడుగు మీట మీద బొటనవేలిని రెండుసార్లు నొక్కి చూసి, దాని మొండితనం ఎంతో అంచనా వేసుకుంది.

చిన్నచిన్న ప్రశ్నలు అయ్యాక పెద్ద ప్రశ్న వచ్చింది. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డి అని ఇంగ్లీషులో ఒక స్ట్రింగ్ ఇచ్చారు. రెండు ఊళ్ల పేర్లనూ కోసి, తారుమారు చేసి, ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి అయ్యేట్టు అతకాలి. అరుణజ్యోతి బల్ల మీద చూపుడు వేలితో లేని ఆకులు పరిచింది. కామారెడ్డి తొమ్మిది ఆకులు. దాని తర్వాత ఏమీ రాయని ఆకు ఒకటి. తర్వాత మధ్య మాట, రెండు ఆకులు. మళ్లీ రాయని ఆకు. ఆ తర్వాత ఎల్లారెడ్డి. కత్తెర పెట్టింది. ఎడమ పక్క పదమూడు. కొట్టింది. మొదటి ముక్క, రెండో ముక్క, మధ్య మాట, మూడూ కలిపి నడిపించింది.

మూడు మాటలూ ఒకదానికొకటి అతుక్కుని, ఊపిరి తీసుకునే సందు లేకుండా వచ్చాయి.

మళ్లీ లెక్కపెట్టింది. అంకెలన్నీ సరే. ఏం తప్పు? తెర వైపు చూస్తూ ఉండిపోయింది. ఎవరూ పక్క కుర్చీలో లేరు. చెవి వంచినా గొంతు వినపడదు. అప్పుడు తట్టింది. రాయని ఆకులు లెక్కపెట్టింది గానీ, కోసేటప్పుడు వాటిని చాప మీదే వదిలేసింది. ఖాళీది కూడా ఆకే. రెండు కోట్ల మధ్య పొడుగు మీటను బొటనవేలితో, ఉన్న బలమంతా పెట్టి నొక్కింది. ఒకటి. మాటల మధ్య అటు ఒకటి, ఇటు ఒకటి. నడిపించింది.

ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి అని తెర మీద నిలబడింది. రోజూ వచ్చే దారే. ఆమె దాన్ని చాలాసేపు చూసింది.

సాయంత్రం ప్రేమ్‌కుమార్ సార్ పాసైనవాళ్ల పేర్లు చదివాడు. నిహారిక పేరు వచ్చింది. కాసేపటికి అరుణజ్యోతి పేరు వచ్చింది. చదివి, సార్ ఆగి, కోసే లెక్క ఎలా చేశారని అడిగాడు. సార్, కత్తెరకు ఎడమ పక్క ఎన్ని ఆకులో చూసిన, ఆ సందు కనిపెట్టింది నేను గాదు, నిహారిక అని అరుణజ్యోతి చెప్పింది. సార్ బోర్డు దగ్గరికి పోయి పది గళ్లు గీసి, వాటి మధ్య గీతల మీద అంకెలు వేసి చూశాడు. మీకు మొదటి రోజే ఇట్లా చెప్పాల్సింది అన్నాడు. మంచివాడు. చెప్పే తీరిక ఇవ్వని వాళ్ల కింద పనిచేస్తున్నాడు, అంతే.

భూపాల్ ముందుకొచ్చాడు. ఎల్లారెడ్డిలో కేంద్రం ఖాయమైందని, తమ కేంద్రం కష్టానికి ఇది ఫలమని, వెనకబడిన దిక్కు మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టామని చెప్పాడు. అరుణజ్యోతమ్మ రెండు మాటలు మాట్లాడాలన్నాడు. చప్పట్లు కొట్టారు. ఆమె లేచింది. జనం ముందు మాట్లాడటం ఆమెకు కొత్త, చేతులు ఎక్కడ పెట్టాలో తెలియక కొంగు పట్టుకుంది.

"మొన్న నేను నిహారిక మీద చెప్పిన సార్. గా మాట వాపస్ తీసుకుంటున్న. నేను తప్పుడు మనిషి మీద చెప్పిన. చెప్పాల్సింది మీ మీద."

ఆమె గొంతు పెంచలేదు.

"మిషన్లు తక్కువున్నయి. బస్సు ఆలస్యమైతది. ఆ రెండింటికి ఈ పిల్ల ఏం జేస్తది? మేమిద్దరం కొట్లాడుకుంటె మీకు నిమ్మళంగ ఉండె. ఎల్లారెడ్డిల గట్ల కానియ్య. గంట గంటకు కుర్చీలు మారాలె. నేను ఉన్నన్ని దినాలు మారుతయి."

భూపాల్ నవ్వు ముఖం మీద అలాగే ఉంచుకుని, తప్పకుండా తప్పకుండా అన్నాడు. ఆయన మారతాడని ఎవరూ అనుకోలేదు. ఎల్లారెడ్డి కుర్చీలు మాత్రం ఇప్పుడు ఆయన చేతిలో లేవు. వెనక వరసలో నిహారిక తల దించుకుని, బొటనవేలి మీది పొక్కును చూసుకుంటోంది. కళ్లు తుడుచుకోవడం ఎవరూ చూడకూడదని.

*

ఆదివారం పొద్దున నిహారిక తల్లి ఉమారాణి ఇంట్లో పెళ్లి సారె సకినాలు అవుతున్నాయి. ఎవరి ఇంట్లో పెళ్లి అయినా ఆమెకే చెబుతారు. తెల్లటి పాత చీర నేల మీద పరిచి, ఓమ, నువ్వులు కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య తిప్పుతూ చుట్టలు చుట్టలుగా వేస్తోంది. రావలసిన ఇద్దరు ఆడవాళ్లు రాలేదు. సాయంత్రానికి గంపలు నిండాలి. గేటు చప్పుడైతే వాళ్లే అనుకుని, ఇప్పుడా వచ్చుడు అని అరిచింది.

వచ్చింది వాళ్లు కాదు. ఎవరో ఎరగని మనిషి, చెప్పులు బయట విడిచి, కొంగు నడుముకు దోపుకుంటూ లోపలికి వస్తోంది. ఎవరు నువ్వు అని ఉమారాణి అడిగింది.

"ఎల్లారెడ్డి నుంచి వస్తున్న వదినా. బదులుకొచ్చిన."

"ఏం బదులు?"

"మీ పిల్ల మొన్న మా ఇంట్ల దినమంత పనిచేసింది. ఆ దినం నేను మీకియ్యాలె."

ఉమారాణి చేతిలో పిండి ఆగింది. మా పిల్లనా, తాగిన చెంబు లోపల పెట్టదు, అది పనిచేసిందా, ఏం పని అని అడిగింది. బీడీల ఆకు కత్తిరించిందని అరుణజ్యోతి చెప్పింది. అప్పుడే తల దువ్వుకుంటూ బయటికి వచ్చిన నిహారిక గుమ్మంలోనే కట్టెలా నిలబడిపోయింది. శుక్రవారం స్నేహితురాలి ఇంట్లో చదువుకోవడానికి పోతున్నానని చెప్పి పోయిన పిల్ల ఆమె.

ఉమారాణి కూతురి వైపు చూసింది. కూతురి బొటనవేలి వైపు చూసింది. కొబ్బరినూనె ఎందుకు రాసుకుంటోందో రెండు రోజులుగా అడుగుతోంది, దువ్వెన గుచ్చుకుందని కూతురు చెబుతూ వచ్చింది. అమ్మా, అరుణక్క వల్లనే పాసయిన అని నిహారిక అంది. ఆమె వల్ల నేను అని అరుణజ్యోతి అంది. ఇద్దరూ ఒకేసారి అన్నారు.

"మీ లెక్క మీరు తర్వాత చూసుకోండి" అంది ఉమారాణి. "నీళ్లు ఆడున్నయి. చేతులు కడుక్కొని కూసో."

అరుణజ్యోతి చేతులు కడుక్కుని వచ్చి చీర అంచున కూర్చుంది. పిండి ముద్ద తీసుకుంది. వేళ్లు మెలి తిరిగాయి, సన్నటి తీగలా పిండి జారింది, ఒక చుట్టు, దాని చుట్టూ ఇంకో చుట్టు, ఎక్కడా తెగలేదు. ఉమారాణి వంగి దాన్ని చూసింది. ఇంకోదాన్ని చూసింది. తన ముందున్న పెద్ద గిన్నెను ఆమె వైపు జరిపింది. జరిపి, గుమ్మంలో నిలబడ్డ కూతురికి పీట చూపించింది.